కళాశాల ప్రార్థనా మందిరంలో పట్టప్రదానం: ప్రావిడెన్స్ నగర చరిత్ర నుంచి ఒక పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 పట్టాలు చర్చిలో ఎందుకు ఇచ్చేవారు?
7.3 చర్చి నుంచి సభామందిరానికి
7.4 ప్రమాణం చేయనివారికి పట్టా లేదు
7.5 ప్రావిడెన్స్: ఒకే కట్టడం, రెండు పనులు
7.6 బాకలారియెట్ ఆరాధన
7.7 మందిరం కట్టినవారి లెక్క
7.8 ఒక బడి వేడుక, ఒక తీర్పు
7.9 తెలుగు నేలతో సంబంధం
7.10 సారాంశం
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరవాత మీరు:

1. మధ్యయుగ ఐరోపాలో పట్టప్రదానానికీ చర్చికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
2. పట్టప్రదానోత్సవం, వీడ్కోలు ఆరాధన రెండు వేరువేరు కార్యక్రమాలుగా ఎలా విడిపోయాయో చెప్పగలుగుతారు.
3. మతం, లింగం, జాతి కారణంగా ఈ వేడుకలకు దూరమైనవారి చరిత్రను ఉదాహరణలతో చర్చించగలుగుతారు.
4. మీరు పాల్గొనబోయే స్నాతకోత్సవాన్ని ఒక చరిత్ర విద్యార్థి దృష్టితో పరిశీలించగలుగుతారు.

7.1 పరిచయం

"సార్, పట్టా ఎలాగూ పోస్టులో ఇంటికి వస్తుంది కదా. మళ్ళీ ఆ వేడుకకు రావడం ఎందుకు? ఒక రోజు సెలవు పెట్టాలి, బస్సు చార్జీలు పెట్టుకోవాలి." చాలా ఏళ్ళ కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంప్రదింపు తరగతి ముగిశాక ఒక అభ్యాసకురాలు నన్ను అడిగిన మాట ఇది. ఆమె అంగన్‌వాడీలో పనిచేసేవారు. పదో తరగతి తరవాత పెళ్ళయి, పదిహేనేళ్ళకు మళ్ళీ పుస్తకం పట్టినవారు. "రావాలమ్మా, జీవితంలో ఒక్కసారి వచ్చే రోజు" అన్నాను. అది జవాబు కాదని అంటున్నప్పుడే నాకు తెలుసు. ఆమె అడిగింది ఖర్చు గురించి మాత్రమే కాదు. పరీక్ష పాసయ్యాక, మార్కుల జాబితా చేతికొచ్చాక, ఇంకా మిగిలి ఉన్నది ఏమిటని అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం కొంచెం దూరం వెళ్ళాలి. ఐరోపా, అమెరికా కళాశాలల్లో పట్టా ఇచ్చే రోజుకు ముందు విద్యార్థులను ప్రార్థనా మందిరంలో కూర్చోబెట్టి, చదివిన చదువును, దానితో చేయబోయే పనిని తలచుకునేలా చేసే ఆచారం ఒకటుంది. దానికి చాలా పాత చరిత్ర ఉంది. ఆ చరిత్రలో గర్వపడదగినవీ ఉన్నాయి, తల దించుకోవలసినవీ ఉన్నాయి. ఈ పాఠంలో ముఖ్యంగా అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రానికి చెందిన ప్రావిడెన్స్ నగరాన్ని, అక్కడి బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను దగ్గర పెట్టుకోండి: ఈ మందిరంలోకి ఎవరు రాగలిగారు, ఎవరు బయట ఉండిపోయారు?

7.2 పట్టాలు చర్చిలో ఎందుకు ఇచ్చేవారు?

మన "స్నాతకోత్సవం" అన్న మాటనే ముందుగా గమనించండి. స్నాతకుడు అంటే స్నానం చేసినవాడు. గురుకులంలో చదువు ముగించిన శిష్యుడు సమావర్తనమనే సంస్కారంలో భాగంగా స్నానం చేసి ఇంటికి మరలేవాడు. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో గురువు శిష్యుడికి చేసిన ఉపదేశాన్ని నేటికీ కొన్ని స్నాతకోత్సవాల్లో చదువుతారు. అంటే చదువు ముగింపును ఒక పవిత్ర సందర్భంగా భావించడం ఒక్క ఐరోపాకే పరిమితం కాదు. అలాగే ఆ ఉపదేశం వినే అర్హత అందరికీ ఉండేది కాదన్నదీ మనకు తెలిసిందే.

ఐరోపాలో విశ్వవిద్యాలయాలు చర్చి నీడలో పెరిగాయి. పారిస్‌లో బోధించడానికి కావలసిన అనుమతిని నోత్రదామ్ కథెడ్రల్ చాన్సలర్ ఇచ్చేవాడు. ఇటలీలోని బొలోన్యాలో ఆర్చ్‌డీకన్ అనే చర్చి అధికారి సమ్మతి లేకుండా ఎవరికీ బోధనానుమతి ఇవ్వకూడదని 1219లో పోప్ మూడో హొనోరియస్ ఆజ్ఞాపించాడు. ఆ రోజుల్లో పట్టా అంటే ఇతరులకు బోధించే అధికారం. బోధన చర్చి పర్యవేక్షణలో జరిగేది కనుక ఆ అధికారం ఇవ్వడం కూడా చర్చి పనే అయింది. పట్టప్రదానం ప్రార్థనా స్థలంలో జరగడానికి భక్తి ఎంత కారణమో అధికారం కూడా అంతే కారణం.

అమెరికాలో పట్టప్రదానోత్సవాన్ని "కమెన్స్‌మెంట్" అంటారు. ఆ మాటకు అర్థం "ఆరంభం". చదువు ముగిసిన రోజును ఆరంభమని ఎందుకు అన్నారని మీకు సందేహం రావచ్చు. మధ్యయుగంలో కొత్తగా పట్టా పొందిన ఆచార్యుడు ఆ సందర్భంలో తన మొదటి పాఠం చెప్పేవాడు. బోధకుల సంఘంలో అతని జీవితం ఆ రోజు మొదలయ్యేది. పేరు అక్కడి నుంచి వచ్చింది.

7.3 చర్చి నుంచి సభామందిరానికి

ఆక్స్‌ఫర్డ్‌లో చాలాకాలం పట్టాల వేడుక సెయింట్ మేరీ చర్చిలో జరిగేది. అయితే ఆ వేడుక ప్రశాంతంగా ఉండేదనుకోకండి. బహిరంగ వాదోపవాదాలు, వాటితోపాటు "టెర్రే ఫిలియస్" అనే ఒక అనుమతి పొందిన హాస్యగాడి ప్రసంగం ఉండేవి. అతడు పెద్ద ఆచార్యులను సైతం ఎగతాళి చేసేవాడు. ఒక్కోసారి మాట హద్దు దాటేది. దేవుణ్ణి ఆరాధించే చోట ఇలాంటివి తగవని గిల్బర్ట్ షెల్డన్ భావించాడు. తరవాత కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ అయిన ఆయన 14,000 పౌండ్లకు పైగా సొమ్ము ఇచ్చి వేరే సభామందిరం కట్టించాడు. క్రిస్టఫర్ రెన్ రూపకల్పన చేసిన ఆ షెల్డోనియన్ థియేటర్ 1669లో ప్రారంభమైంది. ఆక్స్‌ఫర్డ్ పట్టాలు ఈనాటికీ అక్కడే ఇస్తారు.

ఇక్కడ ఒక విషయాన్ని గుర్తించండి. పట్టప్రదానాన్ని చర్చి నుంచి బయటికి తెచ్చినవాడు మతాన్ని వ్యతిరేకించినవాడు కాడు, స్వయంగా మతాచార్యుడు. వేడుకలో రెండు వేరు స్వభావాలున్నాయని ఆయన గ్రహించాడు. ఒకటి సందడి, బహిరంగ గుర్తింపు. రెండోది మౌనం, ఆత్మపరిశీలన. ఈ రెండింటినీ ఒకే గదిలో, ఒకే గంటలో జరపడం కష్టం. తరవాతి కాలంలో అమెరికా కళాశాలలు ఇవే రెండింటిని వేరువేరు రోజులకు పంచుకున్నాయి.

7.4 ప్రమాణం చేయనివారికి పట్టా లేదు

వేడుక చర్చిని విడిచి బయటికి వచ్చినా పట్టా మాత్రం మతం పట్టులోనే ఉండిపోయింది. 1581 నుంచి ఆక్స్‌ఫర్డ్‌లో చేరే విద్యార్థి ఆంగ్లికన్ చర్చి సిద్ధాంతాలైన ముప్ఫై తొమ్మిది సూత్రాలను అంగీకరిస్తూ సంతకం చేయాలి. కేంబ్రిడ్జిలో చేరేటప్పుడు ఆ నిబంధన లేదు గాని పట్టా పుచ్చుకునేటప్పుడు ఉండేది. అంటే అక్కడ ఇతర మతస్థుడు చదవవచ్చు, పరీక్ష రాయవచ్చు, పట్టా మాత్రం అందుకోలేడు.

గణితవేత్త జేమ్స్ జోసెఫ్ సిల్వెస్టర్ ఉదాహరణ చూడండి. ఆయన యూదుడు. 1837లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో రెండో స్థానం సాధించాడు. క్రైస్తవ సూత్రాలపై సంతకం చేయలేదు కనుక ఆయనకు పట్టా ఇవ్వలేదు. 1841లో ఐర్లండ్‌లోని డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆయనకు పట్టాలు ఇచ్చింది. 1871లో బ్రిటన్ పార్లమెంటు విశ్వవిద్యాలయ మతపరీక్షల రద్దు చట్టం చేసింది. ఆ తరవాత 1872లో కేంబ్రిడ్జి ఆయనకు పట్టా ఇచ్చింది. పరీక్ష రాసిన 35 సంవత్సరాలకు!

స్త్రీల విషయం కూడా ఇలాంటిదే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో పంతొమ్మిదో శతాబ్దం చివరికే స్త్రీలు చదివి పరీక్షల్లో ఉత్తీర్ణులయ్యేవారు గాని వారికి పట్టాలు లేవు. 1904 నుంచి 1907 వరకు డబ్లిన్ ట్రినిటీ కాలేజీ అలాంటివారికి పట్టాలు ఇవ్వడానికి అంగీకరించింది. ఏడు వందల మందికి పైగా స్త్రీలు పడవెక్కి సముద్రం దాటి వెళ్ళి వాటిని అందుకున్నారు. వారిని "స్టీమ్‌బోట్ లేడీస్" అని పిలిచేవారు. ఆక్స్‌ఫర్డ్ 1920లో, కేంబ్రిడ్జి 1948లో స్త్రీలకు పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టాయి.

వేడుక అనవసరమైన ఆర్భాటమని ఎవరైనా అన్నప్పుడు ఈ స్త్రీలను గుర్తు చేసుకోండి. చదువు వారి బుర్రలో ఉంది, ఫలితం కాగితం మీద ఉంది. అయినా వారు పడవెక్కారు. పది మంది ఎదుట పేరు పిలిపించుకోవడం విలువ తెలిసినవారు, అది దక్కనివారే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1

(అ) "కమెన్స్‌మెంట్" అనే పేరు ఎలా వచ్చింది?
(ఆ) సిల్వెస్టర్‌కు కేంబ్రిడ్జి పట్టా ఆలస్యంగా రావడానికి కారణమేమిటి?

7.5 ప్రావిడెన్స్: ఒకే కట్టడం, రెండు పనులు

ఇంగ్లండులో ఇలా ఉండగా, అట్లాంటిక్ అవతల అమెరికా వలసల్లో కళాశాలలు తలెత్తాయి. వాటిలో మొదటిది 1636లో ఏర్పడిన హార్వర్డ్. దాని తొలి పట్టప్రదానం 1642లో జరిగింది. ఆనాడు పట్టా పుచ్చుకున్నవారు తొమ్మిది మంది. హార్వర్డ్ ఏర్పడిన సంవత్సరంలోనే, మసాచుసెట్స్ పాలకులు తన మతాభిప్రాయాల కారణంగా బహిష్కరించిన రోజర్ విలియమ్స్ దక్షిణానికి వెళ్ళి ప్రావిడెన్స్ ఊరిని స్థాపించాడు. మనస్సాక్షి విషయంలో రాజ్యం జోక్యం చేసుకోరాదన్నది ఆయన వాదం. అమెరికాలో మొట్టమొదటి బాప్టిస్టు సంఘం 1638లో అక్కడే మొదలైంది.

ఈ వారసత్వం 1764లో స్థాపించిన రోడ్ ఐలాండ్ కళాశాల శాసనపత్రంలో కనిపిస్తుంది. అదే నేటి బ్రౌన్ విశ్వవిద్యాలయం. విద్యార్థులకు ఏ మతపరీక్షా ఉండరాదని ఆ పత్రం చెప్పింది. ధర్మకర్తల 36 స్థానాల్లో 22 బాప్టిస్టులకు ఇచ్చి, మిగిలినవాటిని క్వేకర్లకు, కాంగ్రిగేషనలిస్టులకు, ఎపిస్కోపాలియన్లకు పంచింది. యూదుల పిల్లలను చేర్చుకోవచ్చని 1770లో కళాశాల తీర్మానించింది. సిల్వెస్టర్ కేంబ్రిడ్జి పరీక్ష రాయడానికి 67 ఏళ్ళ ముందు మాట ఇది. అయితే అధ్యాపకులు మాత్రం ప్రొటెస్టంట్లే కావాలన్న నియమం ఉంది. కాబట్టి దీన్ని పూర్తి స్వేచ్ఛ అనలేం. అయినా ఆ కాలానికి అది పెద్ద అడుగు.

కళాశాల తొలి పట్టప్రదానం 1769లో వారెన్ అనే ఊళ్ళో జరిగింది. పట్టభద్రులు ఏడుగురు. వారు, అధ్యక్షుడు జేమ్స్ మానింగ్ బ్రిటన్ బట్టలు కాక అమెరికాలోనే నేసిన బట్టలు వేసుకుని వచ్చారు. మన స్వదేశీ ఉద్యమం గురించి చదివినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ రోజు విద్యార్థులు చర్చించిన అంశం: బ్రిటిష్ అమెరికా ఇప్పటి పరిస్థితుల్లో స్వతంత్ర రాజ్యం కావాలనుకోవడం మంచిదా? స్వాతంత్ర్యం వద్దన్న పక్షాన మాట్లాడిన జేమ్స్ మిచెల్ వార్నమ్ కొన్నేళ్ళ తరవాత స్వాతంత్ర్య సమరంలో అమెరికా సైన్యానికి జనరల్ అయ్యాడు. పట్టా తీసుకున్న రోజు చెప్పిన అభిప్రాయం దగ్గరే మనిషి ఆగిపోనవసరం లేదు.

1770లో కళాశాల ప్రావిడెన్స్‌కు మారింది. అక్కడి బాప్టిస్టు సంఘం 1774–75లో కొత్త ఆరాధనా మందిరం కట్టింది. బ్రిటిష్ ప్రభుత్వం బోస్టన్ రేవును మూసేయడంతో పని లేక ఉన్న ఓడల వడ్రంగులు వచ్చి ఆ పని చేశారు. దాని శిఖరం ఎత్తు 185 అడుగులు. సుమారు 1,200 మంది కూర్చునేంత పెద్ద మందిరం కట్టడానికి కారణం ఉంది: దేవుడి ఆరాధనకూ, కళాశాల పట్టప్రదానానికీ రెండింటికీ ఉపయోగపడాలని మొదటే నిర్ణయించుకున్నారు. 1776 నుంచి వేడుక అక్కడ జరుగుతూ వచ్చింది. యుద్ధకాలంలో కళాశాల భవనం సైనికుల బసగా, ఆసుపత్రిగా మారడంతో కొన్నేళ్ళు ఆగింది.

ఈనాటికీ పట్టభద్రులు కొండ మీది ప్రాంగణం నుంచి ఊరేగింపుగా కిందికి దిగి ఆ మందిరానికి వెళతారు. ప్రాంగణానికి 1901లో కట్టిన వాన్ వికిల్ ద్వారాలున్నాయి. కొత్త విద్యార్థులను ఆహ్వానించేటప్పుడు వాటి తలుపులు లోపలికి తెరుస్తారు, పట్టభద్రులు వెళ్ళేటప్పుడు బయటికి తెరుస్తారు. ఊరేగింపులో పూర్వ విద్యార్థులు, కొత్త పట్టభద్రులు ఎదురెదురుగా నిలిచి ఒకరికొకరు చప్పట్లు కొడతారు. ముఖ్య ప్రసంగాలు చేసేది బయటి ప్రముఖులు కాదు, పట్టభద్రుల నుంచి ఎంపికైనవారే. 1769లో ఏడుగురు విద్యార్థులతో మొదలైన ఆచారం అలా కొనసాగుతోంది.

7.6 బాకలారియెట్ ఆరాధన

పట్టప్రదానానికి ఒకటి రెండు రోజుల ముందు జరిగే వీడ్కోలు ఆరాధనను అమెరికా కళాశాలల్లో "బాకలారియెట్" అంటారు. బాచిలర్ పట్టా పేరుకూ దీనికీ మూలం ఒకటే. ఇందులో పట్టాలు ఇవ్వరు, బహుమతులు ఉండవు, ర్యాంకులు చదవరు. ప్రార్థన, పఠనం, పాట, ఒక ప్రసంగం, కొంత మౌనం ఉంటాయి. పట్టప్రదానోత్సవం "నీవు సాధించావు" అంటుంది. బాకలారియెట్ "సాధించినదానితో ఏం చేస్తావు?" అని అడుగుతుంది.

దీనికి పాత ఉదాహరణ ప్రిన్స్‌టన్ కళాశాలలో దొరుకుతుంది. 1760 సెప్టెంబరులో పట్టప్రదానానికి ముందు ఆదివారం అధ్యక్షుడు శామ్యూల్ డేవిస్ నసావ్ హాల్‌లో చివరి సంవత్సరం విద్యార్థులనుద్దేశించి ప్రసంగించాడు. మతం, ప్రజాహిత దృష్టి అన్నవి అంశాలు. చదువు సొంత ఎదుగుదలకే కాక పదిమంది మేలుకూ ఉపయోగపడాలన్నది సారాంశం. అయిదు నెలలు తిరగకముందే, 37 ఏళ్ళ వయసులో ఆయన చనిపోయాడు.

ఇలాంటి ప్రసంగాలన్నీ మెత్తని ఆశీర్వచనాలే కావు. 1838 జూలై 15న హార్వర్డ్ మతవిద్యా కళాశాల చాపెల్‌లో పట్టా పుచ్చుకోబోతున్న విద్యార్థులు రాల్ఫ్ వాల్డో ఎమర్సన్‌ను పిలిపించి మాట్లాడించారు. వచ్చిన విద్యార్థులు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. చర్చి ప్రాణం లేని ఆచారంగా మారిందని, అద్భుతాలను నమ్మడం కన్నా ప్రతి మనిషి తన ఆత్మలో సత్యాన్ని దర్శించడం ముఖ్యమని ఆయన వాదించాడు. అధ్యాపకులు మండిపడ్డారు. దాదాపు 30 ఏళ్ళ పాటు హార్వర్డ్ ఆయనను మళ్ళీ మాట్లాడటానికి పిలవలేదు. 1866లో గౌరవ పట్టా ఇచ్చింది. పిలిచినది విద్యార్థులు, కోపగించినది సంస్థ అన్న సంగతి గమనించండి. నిజమైన ఆత్మపరిశీలన మొదలైతే అది విద్యార్థి దగ్గర ఆగదు, మందిరం దాకా వెళుతుంది.

మరో మార్పు కూడా ముఖ్యమైనది. పాత కళాశాలల్లో రోజూ చాపెల్‌కు హాజరు కావడం తప్పనిసరి. హార్వర్డ్ 1886లో, యేల్ 1926లో ఆ నిర్బంధాన్ని తీసేశాయి. తప్పనిసరి హాజరు పోయాక ప్రార్థన పోతుందని కొందరు భయపడ్డారు. జరిగింది వేరు. వీడ్కోలు ఆరాధన ఇష్టం ఉన్నవారు వచ్చే కార్యక్రమంగా మిగిలింది. ఇటీవలి దశాబ్దాల్లో ప్రావిడెన్స్‌లోని ఆ పాత బాప్టిస్టు మందిరంలో బాకలారియెట్ రోజున క్రైస్తవ, యూదు, ఇస్లాం, హిందూ, బౌద్ధ సంప్రదాయాల పఠనాలు, గానాలు వినిపిస్తున్నాయి. మందిరంలో చోటు చాలదు కనుక పట్టభద్రులు లోపల కూర్చుంటే, తల్లిదండ్రులు కొండ మీద ప్రాంగణంలో ప్రసారం ద్వారా చూస్తారు.

7.7 మందిరం కట్టినవారి లెక్క

ఇంతవరకు చదివి ప్రావిడెన్స్ స్వేచ్ఛకు పుట్టిల్లు అనుకుంటే మన చరిత్ర సగమే అవుతుంది. మత స్వేచ్ఛను పలికిన శాసనపత్రం వచ్చిన 1764లోనే "శాలీ" అనే ఓడ ప్రావిడెన్స్ నుంచి ఆఫ్రికాకు బయలుదేరింది. దాని యజమానులు నికొలస్, జోసెఫ్, జాన్, మోజెస్ అనే నలుగురు బ్రౌన్ సోదరుల సంస్థ. ఆ యాత్రలో 196 మంది ఆఫ్రికన్లను బానిసలుగా సేకరించారు. వారిలో కనీసం 109 మంది తిరుగుబాటులోనో, రోగంతోనో, తిండి మానేసో, ఆత్మహత్య చేసుకునో ప్రాణాలు కోల్పోయారు. ఆ సోదరులలో ఒకడైన జోసెఫ్ బ్రౌన్, పది సంవత్సరాల తరవాత ఆ అందమైన ఆరాధనా మందిరానికి రూపకల్పన చేశాడు.

సోదరులందరూ ఒకే దారిన నడవలేదు. మోజెస్ బ్రౌన్ 1773లో తన బానిసలకు విముక్తి ఇచ్చి, క్వేకరుగా మారి, బానిసత్వానికి వ్యతిరేకంగా జీవితాంతం పనిచేశాడు. జాన్ బ్రౌన్ మాత్రం ఆ వ్యాపారాన్ని సమర్థిస్తూనే ఉన్నాడు. నికొలస్ కుమారుడు ఇచ్చిన విరాళానికి గుర్తుగా 1804లో కళాశాలకు ఆ కుటుంబం పేరు వచ్చింది.

ఆ మందిరం గడపలు నల్లజాతివారికి ఎప్పుడు తెరుచుకున్నాయి? బ్రౌన్‌లో తొలి నల్లజాతి పట్టభద్రులు ఇన్మన్ పేజ్, జార్జ్ మిల్ఫర్డ్. సంవత్సరం 1877. పేజ్ పుట్టుకతో బానిస. సహవిద్యార్థులు ఆయననే తమ తరగతి వక్తగా ఎన్నుకున్నారు. స్త్రీలకు 1891లో ప్రవేశం దొరికింది.

2001లో రూత్ సిమ్మన్స్ ఆ విశ్వవిద్యాలయ అధ్యక్షురాలయ్యారు. టెక్సాస్‌లో కౌలు రైతుల ఇంట పన్నెండో సంతానంగా పుట్టిన ఆమె, బానిసల వంశంలోనివారు. 2003లో ఆమె ఒక సంఘాన్ని నియమించి, బానిసత్వంతో విశ్వవిద్యాలయానికి ఉన్న సంబంధాన్ని తవ్వి తీయమన్నారు. నివేదిక 2006లో వచ్చింది. 2014లో శిల్పి మార్టిన్ ప్యూర్యియర్ చేసిన స్మారకాన్ని ప్రాంగణంలో నిలిపారు. నేలలో సగం మునిగినట్టున్న ఇనుప గుండు, దానికి తెగిపోయిన గొలుసు. విద్యార్థులను రెండు శతాబ్దాలకు పైగా "నీవు ఏం చేస్తావు?" అని అడిగిన సంస్థ, ఆలస్యంగానైనా "మేం ఏం చేశాం?" అని తనను తాను అడుక్కుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2

(అ) బాకలారియెట్‌కూ పట్టప్రదానోత్సవానికీ ఉన్న తేడాను మీ మాటల్లో రాయండి.
(ఆ) 1764 సంవత్సరం ప్రావిడెన్స్ చరిత్రలో ఏ రెండు కారణాల వల్ల ముఖ్యమైనది?

7.8 ఒక బడి వేడుక, ఒక తీర్పు

ఇదే ప్రావిడెన్స్ నగరంలో 1989లో ఒక ప్రభుత్వ పాఠశాల వీడ్కోలు వేడుకకు ప్రార్థన చేయడానికి ఒక యూదు మతగురువును పిలిచారు. ఒక విద్యార్థిని తండ్రి అభ్యంతరం చెప్పాడు. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. "లీ వర్సెస్ వైస్‌మన్" అనే ఆ కేసులో 1992 జూన్ 24న అయిదుగురు న్యాయమూర్తులు ఒక పక్షం, నలుగురు మరో పక్షం వహించగా తీర్పు వచ్చింది. ప్రభుత్వ పాఠశాల తన వేడుకలో అధికారికంగా ప్రార్థన చేయించడం రాజ్యాంగానికి విరుద్ధమని కోర్టు నిర్ణయించింది.

పాఠశాల తరఫువారి వాదన: వేడుకకు రావడం ఐచ్ఛికం, నచ్చనివారు మానుకోవచ్చు. మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి కెనడీ దీన్ని ఒప్పుకోలేదు. జీవితంలో అంత ముఖ్యమైన రోజును వదులుకోమనడం నిజమైన ఐచ్ఛికం కాదన్నది ఆయన అభిప్రాయం. ఇలాంటి ప్రార్థనలు అమెరికా ప్రజాజీవితంలో మొదటి నుంచీ ఉన్నాయని, వాటిని తుడిచేయడం సరికాదని న్యాయమూర్తి స్కాలియా వ్యతిరేక తీర్పులో వాదించాడు. రెండు వాదాలూ తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు. మీరు ఏ పక్షమో చెప్పే ముందు సిల్వెస్టర్‌ను ఒకసారి తలచుకోండి. ఆయనను కూడా ఎవరూ బలవంతం చేయలేదు. సంతకం చేయకుండా ఉండే "స్వేచ్ఛ" ఆయనకు ఉంది. దానికి వెల ఆయన పట్టా.

ప్రైవేటు కళాశాలల బాకలారియెట్లు ఈ తీర్పు పరిధిలోకి రావు. అయినా దాని వెనుక ఉన్న ఆలోచన వాటికీ వర్తిస్తుంది. పట్టా ఒకరోజు, ఆరాధన మరో రోజు అయినప్పుడు ప్రార్థన ఇష్టం లేనివారు తమ పట్టాను వదులుకోనవసరం లేదు, ప్రార్థన కావాలనుకునేవారు దాన్ని దాచుకోనవసరం లేదు.

7.9 తెలుగు నేలతో సంబంధం

ఈ మందిరానికీ మనకూ మధ్య పాత దారి ఒకటుంది. 1807లో బ్రౌన్‌లో ప్రథమ స్థానంలో పట్టా పుచ్చుకున్న అదోనిరామ్ జడ్సన్ 1813లో బర్మా చేరి అక్కడ బాప్టిస్టు మిషన్‌కు పునాది వేశాడు. అదే కళాశాలలో చదివిన లైమన్ జ్యూయెట్ 1849లో నెల్లూరు వచ్చాడు. అమెరికాలో "లోన్ స్టార్", అంటే ఒంటరి నక్షత్రం, అనే పేరుతో తెలిసిన తెలుగు మిషన్ అది. ఫలితాలు లేవని దాన్ని మూసేయాలన్న చర్చ పలుమార్లు వచ్చినప్పుడు నిలపాలని పట్టుబట్టినవారిలో జ్యూయెట్ ఒకడు. ఆయన తెలుగు బైబిల్ అనువాద సవరణలోనూ పనిచేశాడు. తరవాత ఒంగోలు కేంద్రంగా ఆ మిషన్ పెరిగి, చదువుకు దూరంగా ఉంచిన దళిత కుటుంబాల పిల్లలకు బడులు పెట్టింది. మిషనరీల పనిపై చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. వాటిని మరో పాఠంలో చర్చిస్తాం. ఇక్కడ గమనించవలసింది ఇంతే: ప్రావిడెన్స్ మందిరంలో విద్యార్థులను అడిగిన "ఏం చేస్తావు?" అన్న ప్రశ్నకు ఒక జవాబు నెల్లూరు దాకా వచ్చింది.

7.10 సారాంశం

మధ్యయుగ ఐరోపాలో పట్టా చర్చి అధికారంలో ఉండేది కనుక పట్టప్రదానం ప్రార్థనా స్థలంలో జరిగింది. ఆక్స్‌ఫర్డ్ 1669లో వేడుకను సభామందిరానికి మార్చింది గాని మతపరీక్షలు 1871 దాకా పూర్తిగా పోలేదు. అమెరికాలో పట్టప్రదానం, బాకలారియెట్ ఆరాధన వేరువేరుగా నిలిచాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయం ఉదాహరణలో మత స్వేచ్ఛ, బానిస వ్యాపారం ఒకే కాలంలో, ఒకే కుటుంబం చుట్టూ కనిపిస్తాయి. తప్పనిసరి హాజరు తొలగాక, ఎక్కువమందికి ప్రవేశం దొరికాక వీడ్కోలు ఆరాధన బలహీనపడలేదు, దానికి అర్థం పెరిగింది. ఎవరినీ గడప బయట నిలబెట్టనప్పుడే ఆత్మపరిశీలన చేయమని అడిగే హక్కు ఒక సంస్థకు ఉంటుంది.

ఇక ఆ అభ్యాసకురాలి ప్రశ్న. ఆమె స్నాతకోత్సవానికి వచ్చారు. కూతురిని వెంటబెట్టుకుని, తెల్లవారుజామున బస్సెక్కి వచ్చారు. నేను ఆ రోజు ఆమెకు ఏమీ వివరించలేదు. ఇప్పుడైతే ఇలా చెబుతాను: పోస్టులో వచ్చే పట్టా మీరు ఉత్తీర్ణులయ్యారని చెబుతుంది. మీలాంటివారిని ఒకప్పుడు రానివ్వని గదిలో మీరు కూర్చున్నారని మాత్రం వేడుకే చెబుతుంది. దూరవిద్యలో మీకు చాపెల్ లేదు, ఊరేగింపు దారి లేదు, కొందరికి ప్రాంగణం చూసే అవకాశం కూడా ఆ ఒక్క రోజే. కాబట్టి ఆ ఉదయం పది నిమిషాలు మౌనంగా కూర్చుని మిమ్మల్ని మీరు అడగండి: నా చదువుకు ఎవరెవరు ఏమేమి వదులుకున్నారు? దీనితో నేను ఎవరికి ఏం చేయగలను? ఆ ప్రశ్నకు మందిరం అక్కరలేదు.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఐరోపాలో పట్టప్రదానానికీ మతాధికారానికీ ఉన్న సంబంధం ఎలా మారిందో వివరించండి.
2. బ్రౌన్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆధారంగా స్వేచ్ఛ, బహిష్కరణ ఒకేచోట ఎలా ఉన్నాయో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. "స్టీమ్‌బోట్ లేడీస్" ఎవరు?
2. 1838లో ఎమర్సన్ ప్రసంగం ఎందుకు వివాదాస్పదమైంది?
3. "లీ వర్సెస్ వైస్‌మన్" తీర్పులోని రెండు వాదాలను తెలపండి.

III. అభ్యాసం
మీకు దగ్గరలోని పాత కళాశాలకు వెళ్ళి, అక్కడ మొదటి పట్టభద్రురాలైన స్త్రీ ఎవరో, దళిత కుటుంబం నుంచి వచ్చిన తొలి పట్టభద్రులు ఎవరో రికార్డుల నుంచి, పెద్దల నుంచి తెలుసుకుని రెండు పేజీలు రాయండి. మీ ఇంట్లో మొదటి పట్టా మీదే అయితే, మీ గురించే రాయండి. అదీ చరిత్రే.